పని లేనప్పుడు క్రేనును పడుకోబెట్టే విద్య

ఈ మధ్య గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ అని ఒక బండి తిరుగుతోంది. ముందు రెండు ఇనుప పళ్ళు, వాటి మీద బరువు, వెనక సీట్లో దర్జాగా ఒక మనిషి. మా చిన్నల్లుడు ఆ పనిలో చేరాడు. మొన్న ఇంటికి వస్తే, "సాయంత్రం పని అయినాక దాన్ని ఎట్ల పెట్టి వస్తావు నాయనా?" అని అడిగాను.

"ఎట్ల పెట్టేదేంది మామా, తాళం తీసుకొని దిగి వచ్చేస్తా."

"పళ్ళు కిందికి దించుతావా, పైనే ఉంటాయా?"

"ఏమో మామా, చూడలేదు."

చూడలేదట! ఆ పూట నాకు అన్నం సయించలేదు. బరువు ఎత్తడం ఎట్లాగో వీళ్ళకు అందరూ నేర్పుతున్నారు. ఎత్తే పని లేనప్పుడు ఆ యంత్రాన్ని ఎలా ఉంచాలో ఎవరూ చెప్పినట్టు లేదు. నేను మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య ఒక చిన్న రైలు స్టేషనులో క్రేను మేస్త్రీగా బతికినవాణ్ణి. అప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా. స్టేషను పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్ళు అక్కడ నలుగురైదుగురు మిగిలి ఉన్నారు. నా పేరు రత్నం. అది దాచినా లాభం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను.

మా క్రేను సంగతి

మాది చేతి క్రేను. దానికి ఆవిరీ లేదు, ఇంజనూ లేదు. నాలుగు ఇనుప చక్రాల మీద ఒక బల్ల, బల్ల మీద స్తంభం, స్తంభం నుంచి ముందుకు చాచిన పొడుగాటి ఇనుప చెయ్యి. ఆ చేతి కొసనుంచి గొలుసు, గొలుసు చివర కొండి. పక్కన పళ్ళ చక్రాలు, వాటిని తిప్పడానికి రెండు హేండిళ్ళు. తిప్పేటప్పుడు బరువు వెనక్కి జారకుండా పంటికి అడ్డంపడే చిన్న ఇనుప గడి ఒకటి. దించేటప్పుడు గడి తీసేసి, హేండిళ్ళు పీకేసి, బ్రేకు పట్టీ మీద ఆధారపడి మెల్లగా వదలాలి. పలకరాళ్ళ పెట్టెలు, నల్లమల దుంగలు, నూనె గానుగల ఇనుప రోలర్లు, అన్నీ దాని చేతి కిందుగా పోయినవే.

దాన్ని తిప్పడం వారంలో వస్తుంది. ఓపికా కండా ఉంటే చాలు. మిగతా అంతా, సాయంత్రం దాన్ని వదిలి ఇంటికి పోయేముందు చేసే పనిలో ఉంది.

ఖాసిం సాహెబు బడి

నాకు పని నేర్పినవాడు ఖాసిం సాహెబు. నాకు ముందు నుంచీ అక్కడ మేస్త్రీ ఆయనే. పొగాకు నములుతూ మాట్లాడేవాడు, అందుకని సగం మాటలు మనమే ఊహించుకోవాలి. మొదటి రోజు సాయంత్రం నేను తువ్వాలు దులుపుకొని బయలుదేరబోతే మెడ మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పాడు.

"యాడికి బేటా? దాన్ని పడుకోబెట్టినావా?"

"క్రేను పడుకునేదేంది సాబూ?"

"పని చేసేటప్పుడు అది నీ మాట ఇంటాది. నువ్వు ఇంటికి పోయినాకనే దాని సొంత బుద్ధి బయటపడతాది. రా ఇట్ల."

ఆ సాయంత్రం నేర్పింది ఇంతే. కొండికి ఏ బరువూ ఉంచకూడదు. చెయ్యి దించాలి. కొండి నేలకు ఆనాలి. నాలుగు చక్రాలకూ ముందొక చెక్క, వెనకొక చెక్క పెట్టాలి. పళ్ళకు కొవ్వు పూసి, బ్రేకు పట్టీని మాత్రం పొడిగుడ్డతో తుడవాలి. పైన టార్పాలిన్ కప్పాలి. హేండిళ్ళు రెండూ పీకి ఇంటికి తీసుకుపోవాలి. మళ్ళీ పొద్దున అసలు బరువు ఎత్తకముందే ఒక ఇసుక మూట ఎత్తి దించి, బ్రేకు పడుతుందో లేదో చూసుకోవాలి.

హేండిళ్ళు ఇంటికి తీసుకుపోవడం వల్ల నా కాపురం చాలా ఇబ్బంది పడింది. ఒక్కొక్కటి పెద్ద చిలుం పట్టిన ఎద్దు కొమ్ములా ఉండేది. మా ఇంటావిడ కొత్తగా వచ్చినప్పుడు, మంచం కింద ఏదో కాలికి తగిలి, దీపం తెచ్చి చూసి, "పడకటింట్లో ఈ ఇనుపముక్కలేంది? నన్ను కొడతావా ఏంది?" అని ఏడుపు మొదలుపెట్టింది. ఎంత చెప్పినా నమ్మలేదు. రెండో రోజు వాళ్ళన్న వచ్చి, హేండిలు చేతితో తూచి చూసి, నన్ను ఎగాదిగా చూసి పోయాడు. తర్వాత తర్వాత ఆవిడే వాటిని తలుపుకు అడ్డం పెట్టుకునేది. సాయంత్రమైతే నేను వచ్చానా లేదా అని కాక హేండిళ్ళు వచ్చాయా లేదా అని చూసేది.

పొట్టేలు పైకి పోయిన రోజు

ఖాసిం సాహెబు పింఛను తీసుకొని వెళ్ళిపోయాక మేస్త్రీని నేనే. మొదటి ఏడాదే ఒక మధ్యాహ్నం అన్నానికి పోతూ, ఒక్క గంటే కదా అని హేండిళ్ళు వదిలేశాను. కొండి నేల మీదే ఉంది, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

గొర్రెలు మేపుకునే గురవయ్య తన పొట్టేలుతో త్రిపురాంతకం పోవాలని స్టేషనుకు వచ్చాడు. రైలు ఆలస్యం. పొట్టేలును కట్టడానికి చుట్టూ చూస్తే నేల మీద చక్కగా కొండి కనబడింది. మెడకు వేస్తే ఊడిపోతుందని, పొట్ట కిందుగా తాడు చుట్టి, కొండికి ముడివేసి, టీ తాగడానికి పోయాడు. అటువైపు రైలు కోసం కూర్చున్న ప్రయాణికులకు పొద్దు పోవడం లేదు. ఒకాయన లేచి హేండిలు తిప్పి చూశాడు. తిరిగింది. కటకటమని పళ్ళ చప్పుడు బాగుంది. ఇంకొకాయన రెండో హేండిలు పట్టాడు. క్రేనుకు అవతలి పక్క ఏముందో ఇద్దరూ చూడలేదు.

నేను అన్నం తిని వచ్చేసరికి పొట్టేలు టికెట్టు కిటికీ ఎత్తున గాలిలో మెల్లగా తిరుగుతోంది. అరుపు లేదు. నాలుగు కాళ్ళూ వేలాడేసి, ముఖం చాలా గంభీరంగా పెట్టుకొని, స్టేషను మొత్తం చూస్తోంది. కింద గురవయ్య టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"నాయనా రత్నం, మా పొట్టేలు చేసిన తప్పేంది?"

"నేను ఎత్తలేదు పెదనాయనా!"

"నువ్వు ఎత్తకపోతే అదే ఎగిరిందా?"

దించాం. పొట్టేలుకు ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత అది ఇనుము కనబడితే కుమ్మేదని గురవయ్య కనబడినప్పుడల్లా దెప్పేవాడు. నేను మళ్ళీ ఎప్పుడూ హేండిలు వదలలేదు. పొట్టేలు బదులు మనిషి ఉంటే అని తలుచుకుంటే నవ్వు రాదు.

మాస్టరు గారి మోజు

బాసుల గురించి ఒక్క మాట. మా స్టేషను మాస్టరు మంచివాడు, కానీ కంటికి కనిపించేదే పని అనుకునే రకం. ప్లాట్‌ఫారం అంచుకు సున్నం, పూలకుండీలకు ఎర్రమన్ను, నీళ్ళ బకెట్ల మీద అంకెలు. ఇన్‌స్పెక్టరు దొర ట్రాలీ మీద వస్తున్నాడని తెలిస్తే ఆయనకు నిద్ర ఉండదు. చెయ్యి దించిన క్రేనును చూస్తే ఆయనకు కడుపు మండేది.

"అదేమిటయ్యా, తల వేలాడేసుకొని, ఎవరో పోయినట్టు! చెయ్యి పైకెత్తి పెట్టు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు మన యార్డు కనబడాలి."

"దింపితేనే క్షేమం సార్."

"ఒక్క రోజుకు ఏమవుతుంది?"

నేను కాదనలేక ఎత్తి పెట్టేవాణ్ణి. ఒక్క రోజు రెండయింది, రెండు పండగలకూ పబ్బాలకూ పాకింది. నిజం చెప్పాలంటే, ఎత్తిన చేతితో ఉన్న క్రేనును చూస్తే నాకూ గొప్పగానే అనిపించేది. బాసు చెప్పిన తప్పు మనకూ ఇష్టమైనదైతే దాన్ని కాదనే గొంతు మనకు రాదు. కొత్తగా చేరేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

మా ఊరి గంట

ఇప్పుడు అసలు సంగతి.

మాది అర్ధవీడు దాపున ఒక పల్లె. మావాళ్ళందరూ కూలినాలి చేసుకునే క్రైస్తవులు. చర్చి కట్టుకున్నారు గానీ గంట లేదు. అరిగిపోయిన నాగటి కర్రును వేపకొమ్మకు వేలాడేసి రాయితో కొట్టేవారు. పక్క ఊళ్ళవాళ్ళు "మీ దేవుడు కమ్మరోడా ఏంది?" అని ఎగతాళి చేసేవారు. మా సంఘ పెద్ద అబ్రహాం తాత ఆ మాట పడలేకపోయాడు. ఏళ్ళతరబడి ప్రతి ఇంటివాళ్ళూ కోతల కాలంలో ఇంత ధాన్యం పక్కన పెట్టి, చివరికి మద్రాసు నుంచి ఒక కంచు గంట తెప్పించుకున్నారు. అది మా స్టేషనుకే వస్తోంది. దించేది నేనే.

నేను ఊరికి పోయి చర్చిలో అందరి ముందూ చెప్పాను. "పువ్వును దించినట్టు దించుతా తాతా. గీత కూడా పడదు." మా అమ్మ ముందు వరసలో కూర్చొని అందరివైపూ తిరిగి తిరిగి చూసింది. ఆ చూపు కోసం ఇంకా రెండు మాటలు ఎక్కువే చెప్పాను.

గంట వ్యాగన్ ఆయుధ పూజ ముందురోజు వచ్చింది. మావాళ్ళు బండి కట్టుకొని పండగ మర్నాడు పొద్దున వస్తామన్నారు. ఆయుధ పూజ రోజు క్రేనును, హేండిళ్ళతో సహా, ఓబులేసుకు అప్పగించడం నా అలవాటు. ఓబులేసు నా ముఠాలో పెద్ద, హేండిలు దగ్గర నాకు జోడీ, నా ప్రాణ స్నేహితుడు. నేను పూజలో ఉండను, అతనూ రమ్మనడు. ప్రతి ఏడూ బల్ల కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పళ్ళకు కాస్త ఆముదం రాసి వదిలేసేవాడు. సాయంత్రం నాకు బొరుగులూ బెల్లమూ ఇచ్చేవాడు.

మర్నాడు పొద్దున నేను యార్డుకు పోతే క్రేను చెయ్యి ఆకాశంలోకి ఎత్తి ఉంది. దానికి పొడుగునా బంతిపూల దండ. స్తంభానికి అరటిపిలకలు. మొత్తం నిగనిగలాడుతోంది. మాస్టరు గారు వరండాలో నిలబడి చూసుకొని మురిసిపోతున్నారు. అప్పుడే మా ఊరివాళ్ళు పాటలు పాడుకుంటూ వచ్చారు. ముందు అబ్రహాం తాత, వెనక మా అమ్మ, ఆ వెనక ఇరవై ముప్పై మంది. క్రేనును చూసి నోళ్ళు తెరుచుకున్నారు.

"ఇదేనా నువ్వు ఏలేది నాయనా?" అన్నాడు తాత.

"నేనే తాతా."

ఇసుక మూట ఎత్తి బ్రేకు చూడాలి. మూట షెడ్డు పక్కన దూరంగా ఉంది, అది అందాలంటే చెయ్యి కిందికి దించాలి. దించితే దండ నలిగిపోతుంది, మావాళ్ళ ముందు మూట ఎత్తుతూ కూర్చుంటే మేస్త్రీకి అనుమానంగా ఉన్నట్టు ఉంటుంది. చూడలేదు. ఇంతే. ఇంతకన్నా వేరే కారణం ఏమీ లేదు.

బండిని క్రేను పక్కకు తోలి, ఎద్దులను విప్పేశారు. బండిలో మోకాలెత్తు వరిగడ్డి పరిచారు. తాత బండి ముందు, కాడి కట్టే నొగల మీద కూర్చున్నాడు. గంట వచ్చి బండిలో కూర్చునేటప్పుడు తన చెయ్యే ముందు తగలాలట. నేనూ ఓబులేసూ హేండిళ్ళు తిప్పాం. చెక్కపెట్టె వ్యాగన్‌లోంచి లేచింది. మావాళ్ళు స్తోత్రం అన్నారు. బండి మీదికి తిప్పాం. హేండిళ్ళు పీకేశాం. గడి తీశాను. బ్రేకు పట్టాను.

బ్రేకు నా చేతిలో వెన్నముద్దలా జారింది.

పెట్టె వచ్చి బండి తోక మీద పడింది. బండి నొగలు లేచాయి. వాటితోపాటు అబ్రహాం తాతా లేచాడు. తలపాగాతో సహా మా అందరి తలలకన్నా పైన, నొగలు కరుచుకొని, "ప్రభువా!" అని ఒక్క కేక వేశాడు. పెట్టె పగిలింది. గంట బయటికి దొర్లింది. బరువు పోగానే నొగలు కిందికి వచ్చాయి, తాతా వచ్చి గడ్డిలో కూర్చున్నాడు. గంట మాత్రం ఆగలేదు. లోపల నాలుకకు కట్టిన గుడ్డ ఊడి, యార్డు వాలున రాళ్ళ మీద ఖంగు ఖంగున మోగుకుంటూ దొర్లిపోతోంది. అది విని ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళు రైలు వచ్చిందనుకొని పెట్టెలూ బేడా నెత్తికెత్తుకొని పరుగులు తీశారు. లేని రైలుకు ఒక పెద్దాయన చెయ్యి కూడా ఊపాడు. గంట పోయి గూడ్స్ షెడ్డు రాతి స్తంభానికి కొట్టుకొని నిలిచింది.

ఆ చివరి మోత వేరుగా ఉంది. నేను పరిగెత్తి చూశాను. అంచున తమలపాకంత ముక్క ఊడింది. అక్కడ నుంచి పైకి వెంట్రుకలాంటి చీలిక. ఇంతమంది కడుపు కట్టుకొని తెచ్చుకున్నది. నేను గీత పడదన్నది. తల ఎత్తి మా అమ్మ ముఖం చూడలేకపోయాను.

ఓబులేసు వచ్చి బ్రేకు పట్టీ వేలితో రాసి చూశాడు. వేలు ఆముదంతో మెరిసింది.

"రత్నం... నేనే ఇట్ల చేసినా. ఏటా పళ్ళకే రాసేవాణ్ణి. ఈ ఏడు మీ దేవుని గంటను ఎత్తబోయే క్రేను గదా అని, నెత్తి నుంచి కాళ్ళ దాకా తలంటు పోసినా. పట్టీకి గూడా. రెండు శేర్లు పట్టింది."

అబ్రహాం తాత గడ్డి దులుపుకొని వచ్చాడు. గంటను చూశాడు, ఓబులేసును చూశాడు, క్రేనును చూశాడు.

"మా గంట కోసం నీ పండగ నాడు రెండు శేర్ల ఆముదం పోసినావా అబ్బీ?"

"అవును తాతా. తప్పయింది."

"నువ్వు ప్రేమతో చేసినావు. నిన్ను ఏమనేది?" అని తాత నావైపు తిరిగాడు. "నువ్వెందుకు చూసుకోలేదు రత్నం?"

దండ నలుగుతుందని, అని ఎట్లా చెప్పను? చెప్పాను. చెప్పక తప్పింది కాదు. వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ తర్వాత

విచారణకు ఇన్‌స్పెక్టరు దొర వచ్చాడు. తప్పు నాదేనని చెప్పాను. ఓబులేసు ఎంత ఆముదం పోసినా, బరువు ఎత్తకముందు బ్రేకు చూసుకోవలసినవాణ్ణి నేను. మాస్టరు గారు పక్కనే నిలబడి, "క్రేను చెయ్యి దించి పెట్టమని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను సార్" అన్నారు. ఆయన ముఖంలో ఒక్క కండరం కదలలేదు. ఆ విద్య మాత్రం నాకు ఈ రోజుకూ పట్టుబడలేదు. కొన్ని నెలలు నన్ను క్రేను ముట్టనివ్వలేదు. షెడ్డు ఊడ్చాను.

గంటను మావాళ్ళు ఆ రోజే ఊరికి తీసుకుపోయారు. వెనక్కి పంపి వేరేది తెప్పిద్దామని నేనంటే తాత ఒప్పుకోలేదు. "వచ్చిన బిడ్డ కుంటిదైతే తిరగ్గొడతామా?" అన్నాడు. ఆ ఆదివారం పొద్దున చర్చి ముందు దూలానికి ఎత్తారు. ఇరవై మంది మోకులు పట్టుకున్నారు. ఓబులేసు పొద్దున్నే నడిచి వచ్చి ముందు మోకు పట్టుకున్నాడు. నేనూ చెయ్యి వెయ్యబోతే తాత ఆపాడు.

"నువ్వు ఆ చింతచెట్టు కింద నిలబడు నాయనా. ఇంకా దూరంగా. ఆ... అక్కడ."

ఊరంతా నవ్వింది. నేను అక్కడే నిలబడ్డాను. ఏడుపు వస్తోంది, నవ్వూ వస్తోంది.

తాడు లాగారు. గంట మోగింది. మోగిందనడం కూడా ఎక్కువే. ఖంగుమనవలసింది ఖళ్ళుమంది, దాని వెనకే ఒక గురగుర. చలికాలం ముసలాయన తెల్లారగట్ల లేచి గొంతు సవరించుకున్నట్టు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మా అమ్మ చింతచెట్టు దాకా నడుచుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"ఏడవద్దులేరా. నేను పోయినాక నిన్ను తిట్టేదెవరని బెంగగా ఉండె. ఇంక ఆ బెంగ లేదు. ఆదివారం ఆదివారం అదే తిడతాది."

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. తాతా పోయాడు. ఓబులేసు పోయి నాలుగేళ్ళయింది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మంచి మంచి గంటలు వచ్చాయి. మాది మార్చుదామని రెండుసార్లు సంఘంలో మాట వచ్చింది, రెండుసార్లూ ఊరు వద్దంది. పింఛను తీసుకొని నేను ఆ ఊళ్ళోనే ఉంటున్నాను, చర్చికి ఆనుకునే మా ఇల్లు. ఆదివారం పొద్దున మా ఊళ్ళో ఎవరూ గంట కొట్టారు అనరు. ఇంటింటా తల్లులు పిల్లల దుప్పట్లు లాగి, "రత్నం దగ్గినాడు, లెయ్యండి" అంటారు.